వెండితెర మీది పాటకచేరీ

సంగీతం చెవితో విని ఆనందించవలసినది గాని, కంటితో చూసి మురియవలసినది కాదని పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయినా కథ గాని, కథానాయకుడు గాని లేకుండా, ఆద్యంతం పాటలే ఉన్న ఒక చలనచిత్రాన్ని మూడు గంటలకు దగ్గరగా చూసి వచ్చిన నాటి నుండి నా మనస్సులో కొన్ని ఆలోచనలు మెదలుతున్నాయి. వాటిని తోటి విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీ చిత్రం ‘ది ఎరాస్ టూర్’ 2023 నవంబరు 3న మన దేశంలో విడుదలయింది. మరునాడు నేనూ, నా మిత్రుడూ హైదరాబాదులో ఆ చిత్రం చూడబోయాము. మా ఇద్దరిదీ చర్ల. నేను ఉర్దూ మాట్లాడే ఇంట పుట్టినవాడిని. అతడు కోయ కుటుంబీకుడు. చర్ల నుండి భద్రాచలం సుమారు అరవై కిలోమీటర్లు. అక్కడి నుండి రాజధానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా. చిన్నతనంలో కొత్త సినిమా కోసం భద్రాచలం వెళ్ళడమే మాకు పెద్ద ప్రయాణం. అటువంటి మాకు సముద్రాల కావల జరిగిన కచేరీ ముందు కూర్చునే అవకాశం దొరకడం విశేషమే.

హాలులో కనిపించిన దృశ్యం మేము ఊహించనిది. దీపాలు ఆరగానే మా వెనుక వరుసల్లోని అమ్మాయిలు లేచి నిలబడ్డారు. ప్రతి పాటలోని ప్రతి పదమూ వారికి కంఠస్థం. కొందరు తెర ముందున్న ఖాళీ స్థలంలోకి వెళ్ళి చేతులు పట్టుకొని ఆడారు. సెల్ ఫోన్ల దీపాలు మిణుగురుల వలె ఊగాయి. ఎవరూ ఎవరినీ కూర్చొమ్మని కసురుకోలేదు. పూసలతో గుచ్చిన కంకణాలను ఒకరికొకరు ఇచ్చుకోవడం ఆ గాయని అభిమానుల ఆచారమట. పదేళ్ళ బాలిక ఒకతె వచ్చి, ముక్కు మొగం తెలియని నా మిత్రుని చేతికి అటువంటి కంకణం ఒకటి తొడిగి వెళ్ళింది. అతడు దానిని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఈ రకం చిత్రాలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1969 ఆగస్టులో అమెరికాలో జరిగిన ఉడ్‌స్టాక్ సంగీతోత్సవాన్ని మైకేల్ వాడ్లీ చిత్రంగా తీయగా, 1970లో విడుదలయిన ఆ చిత్రం ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కారు బహుమతి పొందింది. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో, బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం పండిత రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి కచేరీ ఏర్పాటు చేశారు. రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా ఆ కార్యక్రమానికి శ్రీకారం చుట్టాయి. వాద్యాలను శ్రుతి చేసుకుంటూ ఉండగానే పాట అయిందనుకొని సభికులు చప్పట్లు కొట్టిన సంగతి, మరుసటి సంవత్సరం విడుదలయిన చిత్రం వల్ల లోకమంతా ఎరుగును. ఆ కచేరీకి వెళ్ళలేని వారికి సైతం అది నేటికీ దక్కుతున్నదంటే ఆ ఘనత కెమెరాదే.

ఇటువంటి చిత్రాలపై సాధారణంగా రెండు ఆక్షేపణలు వినవస్తాయి. పాశ్చాత్య పాప్ సంగీతం యువతను పెడదారి పట్టిస్తుందన్నది మొదటిది. నేను ఆ హాలులో చూసింది పాటను ప్రేమించే పిల్లలను, అపరిచితులకు కానుకలు పంచిన పిల్లలను. అందులో పెడదారి ఏదో నాకు కనిపించలేదు. ఇది ఎంగిలి కచేరీ, అసలు కచేరీకి నీడ మాత్రమే అన్నది రెండవ ఆక్షేపణ. ఈ చిత్రాన్ని లాస్ ఏంజిలిస్ సమీపంలోని సోఫై స్టేడియంలో 2023 ఆగస్టులో తీశారు. అది సుమారు డెబ్బై వేల మంది పట్టే స్థలం. అక్కడ వెనుక కూర్చున్న వానికి గాయని చీమంత కనిపిస్తుంది. అతడూ వేదిక మీది పెద్ద తెరనే చూడాలి. పైగా 2023 మార్చిలో మొదలై 2024 డిసెంబరులో ముగిసిన ఆ యాత్ర భారతదేశానికి రానే లేదు. మనకు సమీపంలో అది ఆగిన చోటు సింగపూరు. విమానం టిక్కెట్టు కొనలేని విద్యార్థికి ఈ నీడయే చెట్టు. ప్రపంచవ్యాప్తంగా ఆ చిత్రం ఇరవై ఆరు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిందంటే, అటువంటి విద్యార్థులు అన్ని దేశాలలోనూ ఉన్నారని గ్రహించవచ్చు.

అయితే నాకు మాత్రం మూడవ ఆక్షేపణ ఒకటి ఉన్నది. ముషాయిరాలో ఒక షేర్ మనసుకు హత్తుకుంటే శ్రోతలు ‘ముకర్రర్’ అంటారు. కవి దానిని మళ్ళీ చదువుతాడు. ఉర్సు రాత్రి ఖవ్వాలీలో ఒక ముసలాయన కళ్ళు చెమర్చితే, అది గమనించిన ఖవ్వాలు ఆ పంక్తిని విడువక పదిసార్లు పాడతాడు. ఆ రాత్రి పాటను పాడేవాడూ వినేవాడూ కలిసి కడతారు. వెండితెర ముందు ఎంత గట్టిగా ‘ముకర్రర్’ అన్నా గాయని వినదు. మన చప్పట్లు ఆమెకు చేరవు. ఆనాడు ఆ చప్పట్లు పక్కవారికే చేరాయి. బహుశా అందుకే ఆ పిల్లలు తెరను వదలి ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు.

ఈ మాటే బయటికి వచ్చాక నా మిత్రునితో అన్నాను. అతడు వెంటనే బదులు చెప్పలేదు. బస్సు స్టాపు వద్ద, చేతి కంకణం చూసుకుంటూ, “భాయ్, మా రేల పాటకు చూసేవాళ్ళంటూ ఉండరు. వచ్చినవాళ్ళందరూ చేతులు కలిపి వరుసలో చేరతారు. ఇవాళ ఆ పిల్లలు ఆడింది అదే” అన్నాడు. మరికొంత దూరం నడిచాక, “గోదావరి ఆవలి ఒడ్డున రామచంద్రయ్య తాత ఉన్నాడు. అమెరికా పాట వినడానికి ఇంత దూరం వచ్చాము. ఆయన పాట వినడానికి ఏరు దాటామా?” అని అడిగాడు.

అతడు చెప్పింది మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య గారి గురించి. కోయల వీరగాథలను, సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ డోలు వాయిస్తూ గానం చేసిన ఆ కళాకారునికి 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. సంక్రాంతి సెలవులలో తప్పక వెళ్దామనుకున్నాము. సంక్రాంతికి ఏదో పని పడింది. తరువాత పరీక్షలు వచ్చాయి. వేసవిలో ఎండలన్నాము. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన ఎదుట కూర్చుని ‘మళ్ళీ పాడు తాతా’ అని అడిగే భాగ్యాన్ని మేమిద్దరం చేజేతులా పోగొట్టుకున్నాము. దీనికి పాప్ సంగీతాన్ని నిందించడం అన్యాయం. ఆ చిత్రానికి మూడు గంటలు దొరికిన మాకు కూనవరానికి ఒక పూట దొరకకపోలేదు. మేమే వాయిదా వేశాము.

కావున కళాశాల కమిటీ వారికి నాదొక విన్నపం. వార్షికోత్సవంలో సినిమా పాటలకు, పాప్ నృత్యాలకు ఇచ్చే సమయాన్ని తగ్గించవద్దు. దానికి తోడుగా ఒక సాయంత్రాన్ని మన ప్రాంతపు ఖవ్వాలులకు, రేల పాటల స్త్రీలకు, డోలు కళాకారులకు కేటాయించండి; వారికి దారి ఖర్చులూ, తగిన పారితోషికమూ ఇవ్వండి. వారు సమ్మతించిన మేరకు ఆ పాటలను, పాడినవారి పేరు, ఊరు, తేదీలతో సహా రికార్డు చేసి గ్రంథాలయంలో భద్రపరచండి. ఆ ప్రతి ఒకటి పాడినవారికి కూడా చేరాలి.

విద్యార్థి మిత్రులారా! నచ్చిన చిత్రాన్ని స్నేహితునితో కలిసి నిస్సంకోచంగా చూడండి. ఈ సెలవులలో మాత్రం మీ ఊరిలో పాట తెలిసిన వృద్ధులెవరో విచారించి, ఒక్క పూట వారి వద్ద కూర్చోండి. నేనూ, నా మిత్రుడూ ఈసారి ముందుగానే తేదీ నిర్ణయించుకున్నాము. చర్ల చుట్టుపక్కల గూడేలలో రేల పాటలు తెలిసిన అవ్వలు ఇంకా ఉన్నారు.