పందెమని ఒప్పుకుంటే చాలు

సంక్రాంతికి మా భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర కాసేపు నిలబడండి. డేగ మీద పాతికవేలు కాసినవాడు దాన్ని పందెమనే అంటాడు, పెట్టుబడి అనడు. కోర్టులు వద్దన్నాయని వాడికి తెలుసు, డబ్బు పోవచ్చనీ తెలుసు. కనుమ దాటాక బరి ఎత్తేస్తారు. అదే స్టాక్ మార్కెట్ ఆప్షన్ల దగ్గరకొచ్చేసరికి, నాతో సహా అందరం ‘ఇన్వెస్ట్ చేస్తున్నా’ అంటాం. నా గొడవంతా ఆ మాటతోనే.

నాది నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు. 2024 వేసవిలో ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ వేయించుకున్నాను. మొదటి వారం పద్దెనిమిది వేలు వచ్చాయి. తర్వాతి గురువారం, నిఫ్టీ ఆప్షన్ల గడువు తీరే ఎక్స్‌పైరీ రోజున, నలభై రూపాయల చొప్పున 1500 కాల్ ఆప్షన్లు కొన్నాను. అరవై వేలు. గట్టు మీద కూర్చుని ఒక చేత్తో చెక్ ట్రే లాగుతూ రెండో చేత్తో ఫోన్ చూస్తున్నా. ట్రేలో మేత సగం అలాగే మిగిలింది. రొయ్య మేత ముట్టలేదంటే నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టే. మామూలు రోజైతే కాళ్లు ఆడేవి కావు. ఆ రోజు అది నా బుర్రకెక్కనే లేదు. ఫోన్‌లో నలభై కాస్తా ఇరవై అయింది, తొమ్మిదయింది, మూడున్నరకి ఐదు పైసలయింది. సాయంత్రం మా ఆవిడ “మేత బస్తాలకి డబ్బు తీశారా అండీ?” అంటే నోరు పెగల్లేదు.

“రొయ్యల చెరువు మాత్రం జూదం కాదా బాబాయ్?” అంటారు మా కుర్రాళ్లు. న్యాయమైన ప్రశ్నే. 1990ల్లో వైట్ స్పాట్ వైరస్ టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 2025లో అమెరికా సుంకం 50 శాతానికి చేరితే ఇక్కడ మా గుండెలు జారాయి. కానీ చెరువు దగ్గర నా చేతిలో కొంతైనా ఉంటుంది. కరెంటు పోతే జనరేటర్ వేసి ఏరియేటర్లు తిప్పుతాను. రోగం కనిపిస్తే కిలోకి వంద తూగే చిన్న కౌంటుకే పట్టేస్తాను. కలిసొస్తే నలుగురు తినే సరుకు పుడుతుంది. ఎక్స్‌పైరీ రోజు ఆప్షన్‌లో ఏం పుడుతుంది? నా జేబులోది ఇంకొకడి జేబులోకి పోతుంది, మధ్యలో బ్రోకరేజీ, పన్నులు కోసుకుంటారు.

2021-22 నుంచి మూడేళ్లలో ఇలా ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన చిన్న ట్రేడర్లలో వందకి 93 మంది నష్టపోయారని, పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ లెక్క తేల్చింది. దాంతో లాట్ సైజు పెంచారు, వారపు ఎక్స్‌పైరీలు తగ్గించారు. అయినా 2024-25లో వందకి 91 మంది మునిగారు. యాప్ తెరిస్తే హెచ్చరిక వస్తుంది. సిగరెట్ పెట్టె మీద బొమ్మను చూసినట్టే చూసి పక్కకు నెడతాం.

పోనీ షేర్లు కొని దాచుకుంటే నిశ్చింతా? అదీ మా గడ్డ నేర్పిన పాఠమే. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు పుట్టింది భీమవరంలోనే. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డిచ్చారు. 2009 జనవరి 7న, పండక్కి వారం ముందు, ఖాతాల్లో చూపిన వేల కోట్లు లేవని ఆయనే ఒప్పుకున్నారు. ముందురోజు 180 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి నలభై లోపుకి పడింది. ‘మనూరివాడు’ అన్న నమ్మకం ఆడిట్ కాదు. అందుకే సీడంతా ఒక్క చెరువులో వదలకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు నోటు పుస్తకాలున్నాయి. ఒకదాంట్లో చెరువు, పిల్లల చదువు, నెలనెలా కట్టే మ్యూచువల్ ఫండు. రెండోదానికి ఏడాదికి పదివేలు, అయిపోతే మళ్లీ పండక్కే. దాని అట్ట మీద ‘ఇన్వెస్ట్‌మెంట్’ అని రాశాను. మా ఆవిడ అది కొట్టేసి ‘పందెం’ అని రాసి, తన బీరువాలో పెట్టుకుంది. డబ్బు కావాలంటే ఆ పేరు చెప్పే అడగాలి. ఇంతవరకూ అందులో రెండే పద్దులు పడ్డాయి.