జర్మనీ నుంచి ఏమి తెచ్చుకుందాం?

జర్మనీ హరితపక్షం 1983లో పార్లమెంటు ఎక్కిన కథ విని మన విద్యార్థి మిత్రులు పరవశిస్తున్నారు. నాకు వేరొకటి గుర్తొస్తుంది. జర్మను అడవిశాస్త్రం మన గడపకు అంతకు నూరేళ్ల ముందే వచ్చింది, చట్టం రూపంలో! బాన్‌లో పుట్టిన బ్రాండిస్ మద్రాసు పర్యటన దరిమిలా 1882 అటవీ చట్టం వెలువడింది. ఊరికీ అడవి ఉండాలన్నాడాయన (నిజం చెప్పుకోవాలి); దొరతనం రిజర్వు గీతనే గట్టిగా పట్టుకొన్నది. నల్లమల అంచు పల్లెల్లో గడ్డికి పుల్లరి, పశువు దూరితే బందెలదొడ్డి. కరువుసీమలో మేకను లాక్కోవడమంటే ఇంటి గంజి లాక్కోవడమే.

హరితపక్షానికి దారి వేసినవారిలో, 1975లో వీల్ గ్రామంలో అణుకేంద్రం స్థలాన్ని ఆక్రమించిన ద్రాక్షరైతులున్నారు. ఆ కేంద్రం కట్టనేలేదు. మన కడప తుమ్మలపల్లె దగ్గర యురేనియం వ్యర్థాల చెరువు వల్ల బోర్లు చెడ్డాయని అరటిరైతులు మొత్తుకొంటే, వారి వెంట నడిచిన హరితమిత్రులెందరు?