కాలయంత్రం ఎక్కిన ఉక్కు కార్మికుడు

ఈనాటి కార్మికుడొకడు కాలయంత్రమెక్కి ఆదిమ మానవుల మధ్య పడితే ఎట్లా వుంటుంది? ఈ ఊహ మీద హాస్య నాటకం రాయటానికి ఎవరూ జంకనక్కరలేదు. ఊహ మంచిదే. దాని చుట్టూ అలవాటుగా అల్లే కథతోనే నాకు తగాదా. కథానాయకుడు అగ్గిపుల్ల గీస్తాడు, గూడెమంతా సాగిలపడుతుంది. గడియారం చూపిస్తాడు, గూడెం పెద్ద కూతురు మనసిస్తుంది. ప్రేక్షకులు నవ్వుతారు. ఎవరిని చూసి నవ్వుతున్నారో ఒక్కసారి ఆలోచించమంటాను.

ఈ మూసకు తాత మార్క్ ట్వేన్ 1889లో ప్రచురించిన ‘కనెక్టికట్ యాంకీ’ నవల. కోల్ట్ ఆయుధాల కర్మాగారపు మేస్త్రీ ఒకడు ఆర్థర్ రాజు కాలానికి పోతాడు. సూర్యగ్రహణం పేరు చెప్పి రాజును బెదిరిస్తాడు, పెత్తనం సంపాదిస్తాడు. కాని ట్వేన్ నవ్వుతో సరిపెట్టలేదు. చివరికి ఆ మేస్త్రీ కరెంటు కంచెతో, గాట్లింగ్ తుపాకులతో వేలాదిమందిని చంపి, ఆ శవాల మధ్యనే చిక్కుపడిపోతాడు. తరువాత వచ్చిన అనుకర్తలు గ్రహణాన్ని పుచ్చుకున్నారు, కంచెను వదిలేశారు.

తెలుగు కాలయంత్రం సంగతి వేరు. సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ (1991) చూసి నేనూ ఆనందించినవాణ్ణే. కాని ఆ యంత్రం పోయి దిగింది శ్రీకృష్ణదేవరాయల కాలంలో. 2022లో వచ్చిన ‘బింబిసార’లోనూ కాలం దాటినవాడు రాజే. మన ఊహలో గతమంటే రాజుల సొత్తు. పనివాడికి గతం లేదా?

వున్నది. విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. అక్కడ చరిత్రకు పూర్వపు రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చెక్కినది ఏ రాజూ కాదు, పనివాడు. ఆ దిబ్బల మీద పాటలు తీసిన సినిమాలున్నాయి. ఆ రాళ్లు చెక్కిన చేతుల మీద కథ మాత్రం నా కంటబడలేదు.

మన నాటకం అక్కడ మొదలుపెడదాం. బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసే మనిషిని ఎత్తి ఆ దిబ్బల మీద పడేద్దాం. అతను ఇనుము చేయగలడా? ఖనిజం కావాలి, కోకు కావాలి, సున్నపురాయి కావాలి, వేడిగాలి ఊదే యంత్రాలు కావాలి, వేలమంది చేతులు కావాలి. ఒంటరిగా అతనికి నిప్పు పుట్టించటం కూడా రాదు. ఎదుటి మనిషికేమో రాతిని ఏ వాలున కొడితే పదునైన పెచ్చు లేస్తుందో తెలుసు. మొదటి వారం రోజులూ మనవాడే శిష్యుడు. అసలైన హాస్యం ఇక్కడున్నది, నిజమూ ఇక్కడే వున్నది. విజ్ఞానం ఎవడి జేబులోనూ వుండే అగ్గిపెట్టె కాదు; అది సమష్టి శ్రమలో నిలిచి వుంటుంది.

“కాసేపు నవ్వుకునే నాటకానికి ఇంత రభస ఎందుకండీ?” అని మిత్రులు అడగవచ్చు. ఆదిమ మానవుడి వేషం వేయమంటే మన రంగస్థలం ఏం చేస్తుంది? ముఖానికి మసి, తలకు ఈకలు, చేతికి బల్లెం, కాళ్లకు థింసా అడుగులు. వేల యేళ్ల కిందటి మనిషికీ, నిన్న అరకు సంతలో మనకు పసుపు అమ్మిన మనిషికీ తేడా లేకుండా పోతుంది. సమకాలికుణ్ణి ఇట్లా గతంలోకి నెట్టిన తరువాత అతని కొండను తీసుకోవటం తేలిక. బైలదిల్లా ఇనుప ఖనిజం కిరండూల్–కొత్తవలస రైలు దారిన అరకు లోయ దాటి విశాఖ చేరింది. రేవులో ఓడలెక్కింది, మన కొలుముల్లోనూ కరిగింది. ఆ కొండలు ఆదివాసులవి. బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని చెప్పవలసి వచ్చింది. ఆ తీర్పు కోసం పోరాడినవాళ్లు రాతియుగంలో వున్నారా?

ఇక కార్మికుడి వంతు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. అట్లా సంపాదించుకున్న కర్మాగారాన్ని నూటికి నూరు పాళ్లూ అమ్మటానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా అంగీకరించింది. అమ్మకాన్ని సమర్థించినవారి నోట ఏం విన్నాం? ప్రభుత్వ రంగం పాతకాలపుది, శాశ్వత ఉద్యోగం పాతకాలపుది, కార్మిక సంఘం పాతకాలపుది! ఏ యంత్రమూ ఎక్కకుండానే ఉక్కు కార్మికుడు ఆదిమ మానవుడైపోయాడు. 2025 జనవరిలో రూ. 11,440 కోట్ల సాయం ప్రకటించారు. అంతమాత్రాన ఆ వాదం చచ్చిపోలేదు. గూడెం మీద ప్రయోగించిన మాటనే గేటు ముందు నిలబడ్డ మనిషి మీదా ప్రయోగించారు. నిన్న నాటకంలో గూడేన్ని చూసి నవ్వినవాడు ఈ మాటకు జవాబు ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు?

కనుక నాటకకర్తలకు నాదొక మనవి. కాలయంత్రాన్ని నిక్షేపంగా నడపండి, కడుపుబ్బ నవ్వించండి. కాని చివరి రంగంలో ఆ ఇద్దరు పనివాళ్లూ ఒకరి పనిముట్టును ఒకరు చేతిలోకి తీసుకుని చూడాలి. ‘మీ కాలం అయిపోయింది’ అని ఎవడైనా వచ్చి చెబితే, వాడి కన్ను దేనిమీద వున్నదో ఇద్దరూ ఒక్కసారే గ్రహించాలి. అప్పుడు హాలు నవ్వితే, ఆ నవ్వులో నేనూ గొంతు కలుపుతాను.