వంతులవారీగా సాగిన క్రిస్మస్ విందు



డిసెంబరు వచ్చేసరికి మన ఇండ్లలో పిండివంటల సందడి మొదలవుతుంది. అరిసెలకు బియ్యము నానబోస్తాము, కేకుకు ఎండుద్రాక్ష కొంటాము, సంఘములో ప్రేమవిందుకు ఎవరు ఏమి తేవాలో మాట్లాడుకొంటాము. ఈ నెల మేము యుద్ధభూమిలో వడ్డించిన ఒక క్రిస్మస్ భోజనమును మీ జ్ఞాపకమునకు తేదలచాము.

అది 1943వ సంవత్సరము. రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్నది. ఇటలీ తూర్పు తీరమున ఓర్టోనా అనే చిన్న పట్టణమున్నది. డిసెంబరు 20 నుండి 28 వరకు అక్కడ కెనడా సైనికులకు, జర్మను పారాచూటు దళమునకు ఇంటింటా పోరు జరిగింది. వీధిలోకి వస్తే తుపాకి గుండ్లకు గురి కావలసిందే. అందుచేత కెనడావారు గోడలకు కన్నములు పెట్టి, ఒక ఇంటిలోనుండి ప్రక్క ఇంటిలోనికి సాగిపోయారు.

ఆ పట్టణపు అంచున సాంతా మారియా ది కోస్తాంతినోపొలి అనే దేవాలయమున్నది. డిసెంబరు 25న సీఫోర్త్ హైలాండర్స్ అనే కెనడా పటాలమువారు అందులోనే పండుగ భోజనము పెట్టారు. తెల్లని గుడ్డలు పరచిన బల్లలమీద పింగాణి పళ్లెములు అమర్చారు. సూపు, కాల్చిన పందిమాంసము, ఆపిల్ గుజ్జు, కాలీఫ్లవరు, మెదిపిన బంగాళాదుంపలు, క్రిస్మస్ పుడ్డింగు వడ్డించారు. లెఫ్టినెంట్ విల్ఫ్ గిల్డర్‌స్లీవ్ అనే అధికారి ఆర్గన్ వాయించగా సైనికులు క్రిస్మస్ పాటలు పాడారు. బయట మాత్రము ఫిరంగుల మోత ఆగలేదు.

పటాలమంతా ఒక్కసారి బల్లయొద్ద కూర్చుండుటకు వీలు లేదు. అందరూ వచ్చేస్తే శత్రువు ఎదుట నిలబడేదెవరు? కనుక ఒక్కొక్క కంపెనీ వంతున వచ్చింది. వచ్చినవారు భోజనము చేసి, కాసేపు సేదదీరి, మరల తుపాకులు అందుకొని పోరులోనికి వెళ్లారు. వారు వెళ్లి నిలబడితేనే తరువాతివారు వచ్చి కూర్చుండగలరు. అలా వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు. వారికి ఈ లోకములో అదే కడపటి పండుగ భోజనము.

ఆ సమయమున వారి స్వదేశములో పరిస్థితి ఏమిటి? కెనడాలో 1942 జూలై నుండి పంచదారకు కూపన్లు వచ్చాయి. తరువాత టీ, కాఫీ, వెన్న, 1943 మే నెలలో మాంసము కూడా రేషనులోనికి వచ్చాయి. మనిషికి వారమునకు అర పౌను, అంటే సుమారు 225 గ్రాముల పంచదార. పండుగ కేకు చేయాలంటే తల్లులు రోజువారీ టీలో తీపి తగ్గించుకొని కూడబెట్టవలసిందే. అట్లు కూడబెట్టి చేసిన కేకులను డబ్బాలలో పెట్టి సముద్రము అవతలనున్న తమ బిడ్డలకు పంపేవారు.

రేషను అనగానే మనకు క్యూ, సంచి, కిరోసిను డబ్బా గుర్తుకు వస్తాయి. కాని దాని అసలు అర్థము లేమిని అందరూ సమానముగా మోయడము. అదే 1943లో మన దేశములో, బెంగాలులో, ఆ పంపకము సరిగా లేనందున లక్షలాదిమంది ఆకలితో చనిపోయారు. కొరత ఒక్కటే మనుషులను చంపదు. వంతు ఇవ్వకపోవడము చంపుతుంది.

ఆ యుద్ధరంగము మనకు పరాయిది కూడా కాదు. ఆ డిసెంబరులోనే ఓర్టోనాకు సమీపమున ఎనిమిదవ ఇండియన్ డివిజను సైనికులు విల్లా గ్రాండే అనే ఊరికొరకు పోరాడారు. ఆ ప్రాంతపు సాంగ్రో నది సమాధుల తోటలో, దహనము చేయబడిన భారత సైనికుల పేర్లు చెక్కిన స్మారకము నేటికీ ఉన్నది. మన తెలుగునాట కూడా తరతరాలుగా బిడ్డలను సైన్యమునకు పంపిన ఊళ్లున్నాయి. పశ్చిమ గోదావరిలోని మాధవరమును జనులు మిలిటరీ మాధవరము అనే పిలుస్తారు.

ప్రియులారా, శత్రువుల ఎదుట సిద్ధమైన బల్లను గూర్చి 23వ కీర్తనలో మనము చిన్నప్పటినుండి చదువుచున్నాము. ఓర్టోనాలో మేము చూచుచున్నది ఆ బల్లనే. అయితే ఒక సంగతి గమనించండి. అక్కడ ఒకడు తిన్న ప్రతి ముద్ద వెనుక, అతని స్థానములో నిలబడిన మరొకడున్నాడు. మన విందులు కూడా అట్లే నిలుచుచున్నవి. మనము పండుగ ఆరాధనలో ఉండగా సరిహద్దులో ఒక కుమారుడు కావలి కాస్తున్నాడు, ఆసుపత్రిలో ఒక నర్సమ్మ డ్యూటీలో ఉన్నది, వంటశాలలో మన అక్కయ్యలు ప్రొద్దుటినుండి పొయ్యి దగ్గర నిలబడియున్నారు.

కాబట్టి ఈ క్రిస్మస్ ప్రేమవిందులో రెండు పనులు చేయుదుము. మొదటి పంక్తిలో తిన్న యౌవనస్థులు లేచి గరిటెలు అందుకొని, వండినవారిని కూర్చుండబెట్టి వడ్డించాలి. డ్యూటీలో ఉన్నవారికి ఒక క్యారియరు కట్టి వేడిగా ఉండగానే పంపాలి. సైన్యములో బిడ్డ ఉన్న తల్లి మీ వీధిలో ఉంటే, ఆమె ఇంటికి మీరే వెళ్లి కలిసి భోజనము చేయండి.

మన వంతు ముగిసిన తరువాత లేచి, మరొకరికి చోటిచ్చే మనస్సు ప్రభువు మనకందరికి దయచేయును గాక.