ఉచిత మందు ఒక్కటే చాలదు

మందు ఉచితంగా లభించినంత మాత్రాన చికిత్స అందినట్లు కాదు. హెచ్‌ఐవీ బాధితులకు యాంటీ రిట్రోవైరల్‌ మందుల ఉచిత పంపిణీ మన దేశంలో 2004 ఏప్రిల్‌ 1న ఆరంభమైంది. 2006లో పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం చేపట్టారు. ఒకనాడు బాల్యం దాటడమే గగనమైన పిల్లలు నేడు కౌమారంలో అడుగిడుతున్నారంటే అది ఆ నిర్ణయాల ఫలితమే. ఇది నిస్సందేహంగా హర్షణీయం. కానీ బతికి బట్టకట్టిన ఆ పిల్లల భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్నకు మన విధానాల్లో సంతృప్తికరమైన సమాధానం లేకపోవడం శోచనీయం.

ఈ చికిత్సకు విరామం పనికిరాదు. మందు మానితే వైరస్‌ తిరిగి విజృంభిస్తుంది. అరకొరగా వాడితే ఆ మందుకే లొంగని స్థితి దాపురిస్తుంది. క్రమం తప్పక వాడితే రక్తంలో వైరస్‌ పరీక్షలకు చిక్కనంతగా తగ్గి, లైంగిక సంబంధాల ద్వారా ఇతరులకు సోకే ప్రమాదమూ తొలగుతుంది. కనుక కౌమార వయస్కులు మందు మానకుండా చూడటం వారికే కాదు, యావత్‌ సమాజానికీ క్షేమకరం. అయితే కన్నవారిని పోగొట్టుకొని అమ్మమ్మ, తాతయ్యల పంచన పెరిగే పిల్లలకు చికిత్సా కేంద్రానికి బస్సు చార్జీలు సమకూరడమే కష్టం. వెంట వెళ్లే పెద్దదిక్కు ఆనాటి కూలి వదులుకోవాలి. అర్ధాకలితో జీవితాంతం మందు వాడటం ఎవరి తరం?

ఆఫ్రికాలోని ఉగాండా ఈ చిక్కుముడి విప్పే దారి ఒకటి చూపింది. అక్కడి 39 ఆరోగ్య కేంద్రాల్లో చికిత్స పొందుతున్న 702 మంది పిల్లలతో పరిశోధకులు ఒక ప్రయోగం నిర్వహించారు. దాని పేరు ‘సూబి’. స్థానిక భాషలో ఆ మాటకు ఆశ అని అర్థం. కొన్ని కేంద్రాల పిల్లల పేరిట బ్యాంకు ఖాతాలు తెరిచి, కుటుంబం పొదుపు చేసిన మొత్తానికి సమానంగా జమచేశారు. ఆ సొమ్మును చదువుకో, చిన్నపాటి వ్యాపారానికో వినియోగించుకునేలా శిక్షణ ఇచ్చారు. సాధారణ సేవలు మాత్రమే పొందిన వారితో పోలిస్తే ఈ పిల్లల్లో వైరస్‌ మెరుగ్గా అదుపులోకి వచ్చినట్లు 2018లో వెలువడిన ఫలితాలు వెల్లడించాయి. రేపటిపై భరోసా ఉన్నవారే నేటి మందును శ్రద్ధగా వాడతారన్నది ఇందులోని సారాంశం.

మనకు సాధనాలు లేక కాదు. పదేళ్లు నిండిన బాలలు సొంతంగా పొదుపు ఖాతా నిర్వహించుకునేందుకు రిజర్వు బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది. 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ చట్టం బాధితులపై వివక్షను నిషేధించింది. బాధిత కుటుంబ వ్యవహారాలు చూసుకుంటున్న, తగినంత పరిణతి గల 12-18 ఏళ్ల వారిని తోబుట్టువులకు సంరక్షకులుగా గుర్తించింది. మిషన్‌ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు రూ.4,000 సాయం అందుతోంది. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ ప్రభుత్వాలు హెచ్‌ఐవీ బాధితులకు పింఛన్లు ఇస్తున్నాయి.

లోపమల్లా వీటి నడుమ సమన్వయం కొరవడటమే. వాత్సల్య సాయం పద్దెనిమిదేళ్లకు ఆగిపోతుంది. ఆ తరవాతి ఆసరా బాలల గృహాలు వీడే వారికే పరిమితం. బంధువుల ఇళ్లలో పెరిగిన వారికి అదీ లేదు. చదువు, ఉపాధి, పెళ్లి ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ముంచుకొచ్చే వయసులో వారిని గాలికి వదిలేయడం ఏ విధంగా సమంజసం?

చికిత్సా కేంద్రాలనే సంక్షేమ పథకాలకు ముఖద్వారాలుగా మార్చాలి. పిల్లల పొదుపునకు ప్రభుత్వం తన వాటా జోడించాలి. వృత్తి శిక్షణ కాలమంతా సాయం కొనసాగించాలి. సాయం కోసం వచ్చిన వారి వ్యాధి సంగతి ఊరంతా పొక్కకుండా, చట్టం హామీ ఇచ్చిన గోప్యతను అక్షరాలా పాటించాలి. ప్రాణాలు నిలిపిన ప్రభుత్వాలకు ఆ జీవితాలను నిలబెట్టే బాధ్యత కూడా ఉంది.