రొయ్యల చెరువు ప్రక్క చేను



భోగాపురం, పూసపాటిరేగ మొదలు ఇచ్ఛాపురం వరకు మన సముద్రతీరమున అక్కడక్కడ రొయ్యల పెంపకము సాగుచున్నది. ఎగుమతి పంట గనుక ఆదాయము హెచ్చు. దానిని వలదనుట మా ఉద్దేశము కాదు. కాని చెరువు లాభము ఒకరిది, దాని ఉప్పు మరియొకరిది అగుచున్నది.

చెరువునీరు కట్టలోపలనే ఉండదు. ఇసుకపాలు గల నేలలో అది కట్ట క్రిందుగా ఊరి ప్రక్క మడిలోనికి దిగును. వేసవిలో తడి పైకి లాగుకొని ఆరిపోవును. ఉప్పు తెల్లని పొరవలె నిలిచిపోవును. బంకనేలయైనచో అందలి సోడియము మట్టిని బిగిసిపోవునట్లు చేయును. మట్టి విద్యుద్వాహకత మీటరుకు 3 డెసిసీమెన్స్ దాటినది మొదలు వరి దిగుబడి తగ్గనారంభించును. జిప్సము చల్లినను, పచ్చిరొట్ట దున్నినను, కడుగుటకు మంచినీరు లేనిదే ఉప్పు పోదు. కాలువ చివరి భూములకు ఆ నీరెక్కడిది?

ఇక మురుగు. మేతలోని నత్రజనిలో మూడవ వంతైనను రొయ్యకు ఒంటబట్టుట కష్టము. మిగిలినది నీటిలోను, అడుగు బురదలోను చేరును. పట్టుబడి నాడు ఆ నీటిని గెడ్డలోనికి వదలుదురు. దిగువ ఊరివారికి ఆ గెడ్డయే పశువుల రేవు. ఎగువ చెరువులో తెగులున్నచో ఆ నీటినే దిగువ రొయ్యల రైతు తన చెరువులోనికి తోడుకొనును. 1994-95లో తెల్లమచ్చ తెగులు ఆంధ్ర తీరమును దెబ్బతీసినపుడు పెంపకందార్లే దీని ఫలితమును చవిచూచిరి.

సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన దావాపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, పంటభూములను, ఉప్పుభూములను, మడ అడవులను రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు చెప్పినది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము వచ్చినది. దాని క్రింద వెలువడిన మార్గదర్శక సూత్రములు, చెరువు మంచినీటి వనరుకు 100 మీటర్ల ఎడముగా ఉండవలెనన్నవి. గొలుసు పట్టి కొలచినవారు ఎందరో మీకే తెలియును.

గ్రామాధికారులారా, క్రొత్త చెరువుకు దరఖాస్తు వచ్చినపుడు సర్వే నంబరు చూచి ఊరుకొనక, మురుగు పోవు దారిని స్వయముగా నడచి చూడుడు. చెరువుకును చేనికిని నడుమ ఊటకాలువ, మురుగు తేర్చు గుంట లేనిదే సిఫారసు చేయకుడు. ప్రక్క రైతులు త్రవ్వకమునకు ముందే తమ మట్టిని, బావినీటిని పరీక్ష చేయించి ఆ కాగితము దాచుకొనవలెను. లేకున్న, ఆ ఉప్పు మొదటినుండి ఉన్నదే యని రేపు చెరువువారనినచో జవాబుండదు. నమూనాను ఏప్రిల్, మే నెలలలో తీయుడు. వానలు పడిన పిమ్మట తీసినదానిలో ఉప్పు తక్కువగా కనబడును.