బీపీ అనగానే టెన్షనేనా?

పేరెంట్స్ మీటింగ్‌లో నాన్నల మాటల మధ్య బీపీ మాత్ర ప్రస్తావన ఈమధ్య తరచూ వస్తోంది. ముప్ఫై అయిదు, నలభై ఏళ్లవాళ్లే. కారణం అడిగితే ఒకటే జవాబు: ‘టెన్షనండీ. ఆఫీసు, ఈఎంఐలు, వీళ్ల ర్యాంకులు.’ టెన్షన్ పాత్ర లేదని నేననను. కానీ ఆ ఒక్క మాటతో కారణం వెతకడమే మానేస్తున్నాం.

మన కిడ్నీల మీద టోపీల్లా రెండు చిన్న అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. వాటిలో తయారయ్యే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ ఉప్పును ఒంట్లో పట్టి ఉంచి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపేస్తుంది. ఉప్పు ఆగితే నీరూ ఆగుతుంది, బీపీ పెరుగుతుంది. అవసరమైనప్పుడు ఆ హార్మోన్‌ను విడుదల చేయమని కబురు పంపేది కిడ్నీల్లోంచి వచ్చే రెనిన్. కొందరిలో ఏ కబురూ లేకుండానే ఆల్డోస్టిరాన్ ఊరుతూ ఉంటుంది. అమెరికా డాక్టర్ జెరోమ్ కాన్ 1955లో ఈ జబ్బును వివరించారు. చాలాకాలం అరుదైనదనే అనుకున్నారు, అందుకే పెద్దగా వెతకలేదు. పొటాషియం తగ్గితేనే అనుమానించాలన్నది కూడా పాత లెక్కే. చాలామందిలో అది నార్మల్‌గానే ఉంటుంది.

అంతే బీపీ ఉన్న మిగతావాళ్ల కంటే వీళ్లలో గుండెకూ మెదడుకూ ముప్పు ఎక్కువ. బాధ కలిగించేది ఏంటంటే, దీనికి వేరే మందు ఉంది. లోపం ఒక్క గ్రంథిలోనే ఉంటే ఆపరేషన్‌తో తీసేయవచ్చు కూడా. కనిపెట్టడానికి తొలి మెట్టు రక్తంలో ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్షలు. బీపీ ఉన్న అందరికీ ఈ పరీక్ష చేయించమని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది. చిన్న వయసులోనే బీపీ వచ్చినవాళ్లు, మూడు రకాల మాత్రలు వేసుకున్నా తగ్గనివాళ్లు మీ డాక్టర్‌ని తప్పకుండా అడగండి. కొన్ని బీపీ మందులు రిపోర్టును తారుమారు చేస్తాయి కాబట్టి సొంతంగా ల్యాబ్‌కి పరుగెత్తకండి, మాత్రలు ఆపకండి.

ఇక పిల్లల సంగతి. మన స్కూలు హెల్త్ కార్డులో ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు ఉన్నాయి. బీపీ గడి లేదు. మూడేళ్లు దాటిన ప్రతి బిడ్డకీ ఏడాదికోసారి చూడాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2017లోనే చెప్పింది. చిన్నపిల్లల్లో బీపీ ఉంటే వెనుక కిడ్నీ, హార్మోన్ కారణాలు ఉండే అవకాశం పెద్దవాళ్లలో కంటే ఎక్కువ. అక్కడ ‘చదువు టెన్షన్’ అని సరిపెట్టుకోలేం.

వచ్చే హెల్త్ క్యాంపులోనే యాజమాన్యం ఆ గడి చేర్చాలి. పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీలు కూడా తెప్పించాలి, పెద్దవాళ్ల పట్టీతో చూస్తే అంకె తప్పుగా వస్తుంది. మనం కడుతున్న ఫీజులో ఇదేమంత పెద్ద ఖర్చు కాదు.